బుష్ పక్కన ఇల్లు, పెరట్లో పాము: ఆస్ట్రేలియాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కునేది నగరం అంచున. మెల్‌బోర్న్‌కు పడమర టార్నీట్, విండమ్ వేల్, సిడ్నీకి వాయవ్యంగా షోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్, బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్. నిన్నమొన్నటిదాకా గడ్డిమైదానంగానో పొదలుగానో ఉన్న నేల అది. కంచె అవతల వాగు, దాని పక్కన బుష్, అంటే పొదలూ చెట్లూ ఉన్న అడవి. పాములు అక్కడ మనకంటే ముందునుంచీ ఉన్నాయి.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు బట్టలు ఆరేసే చోట ఒక బ్రౌన్ స్నేక్ కనిపించింది. అమ్మ వెంటనే చీపురు అందుకుని, నన్ను లోపలికి పొమ్మని అరిచింది. ఆవిడ పుట్టి పెరిగిన ఊళ్లో అదే ధైర్యం. ఇక్కడ అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఆ రోజు ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. పాము దానంతటదే కంచె కింద నుంచి వెళ్లిపోయింది. అప్పటినుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఇక్కడి పాములు ప్రపంచంలోనే అత్యంత విషపూరితం అంటారు. అంటే మనకి ఎక్కువ ప్రమాదమా?

విషం మాట నిజమే, కానీ చావుల లెక్క వేరు. ఆస్ట్రేలియా మొత్తంలో పాము కాటుతో చనిపోయేవాళ్లు ఏడాదికి సగటున ఇద్దరు ముగ్గురు. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేల మంది పాము కాటుకు బలయ్యారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఇంత తేడా పాము విషంలో లేదు. అక్కడ రైతు చెప్పుల్లేకుండా చేలో నడుస్తాడు, నేలమీద పడుకుంటాడు, కాటు పడ్డాక మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టుకుంటాడు. ఇక్కడ కట్టు కట్టడం చాలామందికి తెలుసు, అంబులెన్స్ వస్తుంది, ఆస్పత్రిలో విరుగుడు ఉంటుంది.

కాబట్టి టెన్షన్ పడి ఇల్లు అమ్ముకోవాల్సిన పని లేదు. కానీ ఆ తక్కువ లెక్క ఊరికే రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ పద్ధతులు మనం నేర్చుకోకపోతే అది మనకి వర్తించదు.

మా వైపు ఏ పాములు ఉంటాయి?

మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్, అడిలైడ్, కాన్‌బెర్రా ఏ నగరం అంచునైనా ముందుగా తెలుసుకోవాల్సింది ఈస్టర్న్ బ్రౌన్ స్నేక్ గురించి. పగటిపూట తిరుగుతుంది, చాలా వేగం, ఎలుకల కోసం మనుషులున్న చోటికి వస్తుంది. ఆస్ట్రేలియాలో పాము కాటు మరణాలు ఎక్కువగా ఈ బ్రౌన్ జాతివల్లే. మెల్‌బోర్న్‌లో వాగులు, చెరువుల పక్కన టైగర్ స్నేక్ ఉంటుంది. సిడ్నీ, బ్రిస్బేన్ వైపు నీళ్ల దగ్గర రెడ్ బెల్లీడ్ బ్లాక్ స్నేక్. పెర్త్‌లో డ్యూగైట్, అది కూడా బ్రౌన్ జాతిదే. టాస్మానియాలో ఉన్నవి మూడే రకాలు, మూడూ విషమున్నవే.

బ్రిస్బేన్‌లో అటకమీద పెద్ద కార్పెట్ పైథాన్ కనిపించడం మామూలే. దానికి విషం లేదు. అది కొండచిలువ జాతి, ఎలుకల్ని తింటుంది. ఇంట్లో కుందేలు, కోళ్లు, చిన్న పిల్లి ఉంటే మాత్రం వాటికి ప్రమాదం.

మన రక్తపింజర లాంటివి ఆస్ట్రేలియాలో లేవు. ఇక్కడి విషసర్పాలు దాదాపు అన్నీ నాగుపాము, కట్లపాము కుటుంబానివే. ఈ సంగతి కట్టు విషయంలో మళ్లీ అవసరమవుతుంది.

రంగు చూసి ఏ పామో చెప్పొచ్చా?

వద్దు. బ్రౌన్ స్నేక్ లేత గోధుమ రంగు నుంచి దాదాపు నలుపు దాకా ఎలాగైనా ఉంటుంది. పిల్ల పాములకి తల మీద నల్లని మచ్చ, కొన్నిటికి ఒంటినిండా పట్టీలు ఉంటాయి, చూస్తే వేరే పామనిపిస్తుంది. పుట్టిన రోజునుంచే వాటికి విషం ఉంటుంది. టైగర్ స్నేక్ అన్న పేరున్నా అన్నిటికీ చారలు ఉండవు.

గడ్డిలో పొట్టి కాళ్లతో మెల్లగా కదిలే బ్లూ టంగ్ బల్లిని చూసి పామనుకునేవాళ్లు కూడా చాలామంది. అది ఏ హానీ చెయ్యదు, పైగా నత్తల్ని తింటుంది. దాన్ని కొట్టి చంపి తర్వాత బాధపడినవాళ్లు నాకు తెలుసు.

మా ఇంటికే ఎందుకు వస్తున్నాయి?

మన కోసం రావడం లేదు. ఎలుకలు, కప్పలు, నీళ్లు, దాక్కునే చోటు, ఈ నాలుగిట్లో ఏదో ఒకటి మీ పెరట్లో ఉంది. చాలాసార్లు అది కూడా కాదు, వాగు ఈ వైపు నుంచి ఆ వైపుకి పోయే దారిలో మీ ఇల్లుంది. అలాంటి పాము పది నిమిషాల్లో వెళ్లిపోతుంది.

పెరట్లో ఏం మార్చాలి?

ముందు ఎలుకల సంగతి చూడండి. పక్షులకి గింజలు చల్లే అలవాటుంటే రాత్రికి నేలమీద గింజ మిగలకుండా ఊడ్చెయ్యండి. కోళ్ల దాణా, కుక్క తిండి మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. కంపోస్ట్‌లో అన్నం, వండిన కూరలు వెయ్యొద్దు. ఎలుకల మందు కన్నా బోను మేలు. మందు తిన్న ఎలుకని తిని గుడ్లగూబలు చస్తాయి, ఎలుకల్ని తగ్గించేవాటిలో అవీ ఉన్నాయి.

తర్వాత దాక్కునే చోట్లు. ఇల్లు కట్టాక మిగిలిన రేకులు, పలకలు, ఇటుకలు పెరటి మూల పడేసి ఉంచడం మన ఇళ్లలో మామూలు. నేలమీద పడి ఉన్న రేకు పాముకి నచ్చినంతగా మరేదీ నచ్చదు, పొద్దున్నే వేడెక్కుతుంది, కింద చీకటిగా ఉంటుంది. అలాంటి రేకు ఎత్తాల్సి వస్తే చేతులకి గ్లవ్స్, కాళ్లకి బూట్లు వేసుకుని, అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి ఎత్తండి. అప్పుడు రేకు మీకూ పాముకీ మధ్య అడ్డుగా ఉంటుంది. కట్టెలు నేలనుంచి కాస్త ఎత్తులో పేర్చుకోండి.

గడ్డి పొట్టిగా ఉంచండి. పొట్టి గడ్డి ఉంటే పాము రాదని కాదు, వచ్చినా మీకు కనిపిస్తుంది. గోడ పక్కన ఒక మీటరు మేర మొక్కల్లేకుండా వదిలేస్తే ఇంకా మంచిది. కరివేపాకు కుండీలు గోడకి ఆనించి వరుసగా పెట్టుకున్నవాళ్లు వాటిని కొంచెం జరపండి.

ఇంటి విషయానికొస్తే, తలుపు కింద సందులకి రబ్బరు పట్టీ వేయించండి. ఇటుక గోడల్లో గాలికోసం వదిలే చిన్న సందులకి సన్న జాలీ దొరుకుతుంది, సిమెంటుతో మాత్రం మూసెయ్యొద్దు, గోడ చెమ్మెక్కుతుంది. గ్యారేజ్ తలుపు సగం ఎత్తి వదిలెయ్యడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

పాముల్ని తరిమే మందులు, సోలార్ పరికరాలు పనిచేస్తాయా?

పనిచేస్తాయని నమ్మదగిన ఆధారం లేదు. గంధకం, నాఫ్తలీన్ ఉండలు, వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్ అన్నీ అంతే. భూమిలో గుచ్చే సోలార్ కర్రల పక్కనే పాము పడుకుని ఉండగా చూసినవాళ్లున్నారు. వీటితో వచ్చే అసలు నష్టం డబ్బు కాదు, ఇంక భయం లేదనుకుని జాగ్రత్త మానేస్తాం.

పెరట్లో పాము ఎదురైతే?

ఆగిపోండి. మీ కాళ్ల దగ్గరే ఉంటే కదలకుండా నిలబడండి, కదలని మనిషిని దాటుకుని పోతుంది. కొంచెం దూరంలో ఉంటే మెల్లగా వెనక్కి అడుగులు వేసి కనీసం 5 మీటర్ల దూరం జరగండి. పిల్లల్ని, కుక్కని లోపలికి తీసుకెళ్లండి. దానికి తప్పించుకునే దారి వదలండి. బ్రౌన్ స్నేక్ మెడ పైకెత్తి ఎస్ ఆకారంలో వంచిందంటే మీరు దానికి మరీ దగ్గరగా ఉన్నారని, అది బెదిరిందని అర్థం. అది మిమ్మల్ని తరుముతోందనిపించినా చాలాసార్లు మీ వెనక ఉన్న పొద వైపు పారిపోతోంది.

ఫోటో కావాలంటే జూమ్ చేసి దూరం నుంచే తీయండి.

ఇంట్లోకి దూరితే?

అది ఉన్న గదిలోనుంచి అందరూ బయటికి వచ్చి తలుపు వేసి, కింద సందులో తువ్వాలు చుట్టి దోపండి. గదికి బయటికి తెరుచుకునే తలుపు ఉంటే, పెరట్లోంచి దగ్గరికి పోకుండా తెరవగలిగితే తెరిచి ఉంచండి. తర్వాత లైసెన్స్ ఉన్న స్నేక్ క్యాచర్‌కి ఫోన్ చెయ్యండి. పాము తలుపు లేని హాల్లోనో వంటింట్లోనో ఉంటే, ఒకరు దూరంగా నిలబడి అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి. కనిపించకుండా సోఫా కింద దూరిన పాముని వెతకడం క్యాచర్‌కి కూడా కష్టం.

క్యాచర్లు సాధారణంగా డబ్బు తీసుకుంటారు, ఎంతో ఫోన్‌లోనే అడగండి. చాలా కౌన్సిళ్లు (మన మున్సిపాలిటీల్లాంటివి) ఈ పని తామే చెయ్యవు, నంబర్లు మాత్రం ఇస్తాయి. మీ ప్రాంతంలో ఉన్న ఇద్దరి నంబర్లు ఈ రోజే ఫోన్‌లో దాచుకోండి. పాము ఎదురుగా ఉన్నప్పుడు గూగుల్‌లో వెతకడానికి చేతులు వణుకుతాయి.

చంపేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

రెండు కారణాలవల్ల వద్దు. ఒకటి చట్టం. విక్టోరియాలో 1975 నాటి వైల్డ్‌లైఫ్ యాక్ట్, క్వీన్స్‌లాండ్‌లో 1992 నాటి నేచర్ కన్జర్వేషన్ యాక్ట్, న్యూ సౌత్ వేల్స్‌లో 2016 నాటి బయోడైవర్సిటీ కన్జర్వేషన్ యాక్ట్ ప్రకారం స్థానిక పాములకి రక్షణ ఉంది. చంపినా, అనుమతి లేకుండా పట్టినా భారీ జరిమానా పడొచ్చు. రెండోది అంతకన్నా ముఖ్యం, ఇక్కడ పాముని చంపబోయినప్పుడో పట్టబోయినప్పుడో పడిన కాట్లు తక్కువేం కాదు. కర్ర అందేంత దూరంలో మీరున్నారంటే దాని నోటికి మీరు అందే దూరంలో ఉన్నట్టే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అని మనవాళ్లు వేరే అర్థంలో అంటారు. ఇక్కడ మాత్రం ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకోండి, అసలు కర్రే పట్టొద్దు.

ఒకదాన్ని చంపితే జంట పాము పగబడుతుందంటారే?

పాములకి పగ ఉండదు, జంటగా కాపురం చెయ్యవు. వసంతంలో జత కోసం తిరిగే రోజుల్లో ఆడపాము వాసన పట్టుకుని మగపాములు అదే చోటికి రావచ్చు. పగ కథ అక్కడ పుట్టి ఉంటుంది.

పాము కరిస్తే ఏం చెయ్యాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి, ఇంట్లో అందరిచేతా చదివించండి.

పాము నుంచి దూరం జరిగి, కరిచిన మనిషిని అక్కడే పడుకోబెట్టండి. ఇక ఆ మనిషి ఒక్క అడుగు కూడా నడవకూడదు. 000కి (ట్రిపుల్ జీరో, ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేసి అంబులెన్స్ అడగండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కట్టు మొదలుపెట్టండి.

10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సాగే బ్యాండేజ్ కావాలి. కాటు పడిన చోటు మీద ముందుగా గట్టిగా చుట్టండి. తర్వాత వేళ్ల దగ్గర మొదలుపెట్టి, కాలైతే గజ్జ దాకా, చెయ్యైతే చంక దాకా పైకి చుట్టుకుంటూ పోండి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. ప్యాంటు విప్పొద్దు, దాని మీదనుంచే చుట్టండి, విప్పే కదలికలే విషాన్ని ముందుకు తోస్తాయి. బిగువు ఎంతంటే, మడమ బెణికితే డాక్టరు కట్టేంత. రక్తం ఆగేంత కాదు, వేళ్లు నీలంగానో చల్లగానో అయితే కాస్త వదులు చెయ్యాలి. తర్వాత కర్రో, మడిచిన మ్యాగజైనో బద్దలా పెట్టి కాలు వంగకుండా కట్టెయ్యండి. బ్యాండేజ్ మీద కాటు పడిన చోటు పెన్నుతో గుర్తు పెట్టి, టైమ్ రాయండి. బ్యాండేజ్ లేకపోతే చున్నీ, టీషర్టు, పాత చీర చింపిన ముక్క ఏదైనా వాడండి.

కాటు పొట్ట మీదో వీపు మీదో ఉంటే, ఊపిరికి అడ్డం రాకుండా అక్కడ గట్టిగా నొక్కి పట్టి, మనిషిని కదలనివ్వకండి. మెడ, ముఖం మీదైతే కదలకుండా ఉంచడమే. ఊపిరి ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ గుండెని ఆడించడం) చెయ్యాలి, ఎలా చెయ్యాలో 000 వాళ్లు ఫోన్‌లో చెబుతారు.

చెయ్యకూడనివి: కొయ్యడం, పీల్చడం, తాడు బిగించడం, ఐసు పెట్టడం, కడగడం. కడగొద్దని ఎందుకంటే, చర్మం మీద మిగిలిన విషంతో ఏ జాతి పామో ఆస్పత్రిలో కనుక్కోవడానికి వీలుంటుంది. పాముని పట్టి తేవాల్సిన పని లేదు. ఆస్పత్రి చేరేదాకా, డాక్టరు చెప్పేదాకా కట్టు విప్పొద్దు. నొప్పి తగ్గింది కదా అని విప్పితే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా కదులుతుంది.

మన ఊళ్లో ఇలా బిగించి కట్టొద్దంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే, పాములే వేరు. రక్తపింజర విషం కాటు పడిన చోట కండని కుళ్లిస్తుంది. గట్టి కట్టుతో ఆ విషం ఒకేచోట నిలిస్తే ఆ నష్టం పెరుగుతుందన్న భయంతో అక్కడ వద్దంటారు. ఇక్కడి పాముల విషం ముందుగా లింఫ్ నాళాల (రక్తనాళాలు కాక ఒంట్లో ద్రవాన్ని మోసే సన్నని గొట్టాలు) గుండా ఒంట్లోకి పోతుంది. ఆ నాళాల్లో ద్రవాన్ని తోసేది కండరాల కదలిక. కట్టు ఆ నాళాల్ని నొక్కుతుంది, బద్ద కదలికని ఆపుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు స్ట్రూవన్ సదర్లాండ్ 1970ల చివర్లో ఈ పద్ధతిని రూపొందించాడు. ఇండియానుంచి వచ్చే వాట్సాప్ వీడియోలు అక్కడి పాముల కోసం, వాటిని ఇక్కడ పాటించొద్దు. ఇక్కడిది అక్కడా పాటించొద్దు.

చిన్న గీతే ఉంది, నొప్పి లేదు. ఆస్పత్రికి వెళ్లాలా?

వెళ్లాలి. బ్రౌన్ స్నేక్ కోరలు చిన్నవి, కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, ముల్లు గీసుకున్నట్టే ఉంటుంది. దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. తలనొప్పి, వాంతి, కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, చిగుళ్లలో రక్తం లాంటివి కనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. కొందరు కాసేపట్లోనే ఉన్నట్టుండి కుప్పకూలిపోతారు. గడ్డిలో ఏదో తగిలింది, ఏమిటో చూడలేదు అన్నా కూడా కట్టు కట్టి 000కి చెప్పండి.

పాము ప్రతిసారీ విషం ఎక్కించదు. ఎక్కించిందో లేదో రక్తపరీక్షలు మళ్లీ మళ్లీ చేస్తే గానీ తేలదు, అందుకే సాధారణంగా 12 గంటల దాకా ఆస్పత్రిలో ఉంచుతారు.

కారులో మేమే తీసుకెళ్తే త్వరగా చేరమా? పక్కనే క్లినిక్ ఉంది.

జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌లో విరుగుడు ఉండదు, అన్ని ఆస్పత్రుల్లో కూడా ఉండదు. ఎక్కడికి తీసుకెళ్లాలో అంబులెన్స్ వాళ్లకి తెలుసు. విరుగుడు మెల్‌బోర్న్‌లో గుర్రాల సాయంతో తయారవుతుంది. టైగర్ స్నేక్‌కి 1930లోనే వచ్చింది. ఇప్పుడు బ్రౌన్, టైగర్, బ్లాక్, టైపాన్, డెత్ ఆడర్‌లకి వేర్వేరుగా ఉంది, అన్నిటికీ కలిపినది కూడా ఉంది. ఇండియాలో వాడే మందు ఇక్కడి పాములకి పనిచెయ్యదు.

ఖర్చు సంగతి?

అంబులెన్స్ ఛార్జీలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. క్వీన్స్‌లాండ్ నివాసులకి ఉచితం. విక్టోరియాలో అంబులెన్స్ మెంబర్‌షిప్ తీసుకోవడం మంచిది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా) రాదు, భారత్‌తో అలాంటి ఒప్పందం లేదు, కాబట్టి వాళ్లు విమానం ఎక్కేముందే ఇన్సూరెన్స్ చేయించండి. బిల్లు గురించి ఆలోచించాల్సిన టైమ్ అది, కాటు పడ్డాక కాదు.

మేం ఆఫీసులో ఉంటాం, పెద్దవాళ్లకి ఇంగ్లీష్ రాదు. వాళ్లకేం నేర్పాలి?

"ట్రిపుల్ జీరో, అంబులెన్స్, స్నేక్ బైట్, తెలుగు" ఈ నాలుగు మాటలూ, ఇంటి అడ్రసూ తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తెలుగు అన్న మాట వింటే 000 వాళ్లు ఇంటర్‌ప్రెటర్ కోసం ప్రయత్నిస్తారు. ఎమర్జెన్సీ ప్లస్ అనే ఉచిత యాప్ పెద్దవాళ్ల ఫోన్‌లో వెయ్యండి, నడకకి వెళ్లి దారి తప్పినా ఉన్న చోటు అందులో కనిపిస్తుంది. ఒక ఆదివారం కూర్చుని బ్యాండేజ్ ఎలా కట్టాలో వాళ్లచేత రెండుసార్లు కట్టించి చూడండి. మా ఇంట్లో అమ్మ నా కాలికి కట్టింది, మొదటిసారి మరీ వదులుగా వచ్చింది, రెండోసారి సరిగ్గా కుదిరింది.

పొద్దుటి నడకకి చెప్పులు కాకుండా బూట్లు వేసుకొమ్మనండి. దారి మధ్యలోనే నడవమనండి. దుంగ అడ్డం ఉంటే దాటెయ్యకుండా, దాని మీద కాలు పెట్టి అవతల చూసి దిగమనండి.

పిల్లలకి?

ఆగు, వెనక్కి జరుగు, పెద్దవాళ్లకి చెప్పు. ఈ మూడే. క్రికెట్ బంతి పొడుగు గడ్డిలో పడితే చెయ్యి పెట్టి వెతకొద్దని ఖచ్చితంగా చెప్పండి. బంతి పోతే పోనివ్వండి. చచ్చిన పాముని కూడా ముట్టుకోకూడదు, తెగిన తల కూడా కాసేపటిదాకా కాటెయ్యగలదు.

కుక్కని కరిస్తే?

ఎత్తుకుని కారులో వెంటనే వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి, దారిలోనే ఫోన్ చెయ్యండి. నడిపించొద్దు. కుక్క ఒక్కసారి కూలబడి, మళ్లీ లేచి మామూలుగా తిరగడం కాటుకి పెద్ద గుర్తు. బాగైందనుకుని చాలామంది అక్కడే మోసపోతారు. పామున్న కాలంలో బుష్ పక్కన తాడు వదలకండి.

చలికాలంలో నిశ్చింతేనా?

పాములు తిరగడం సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువ. చలికి దక్షిణాది నగరాల్లో ముడుచుకుని ఉంటాయి కానీ ఎక్కడికీ పోవు, ఎండ కాసిన జూలై మధ్యాహ్నం బయటికి రావచ్చు. కట్టెల కుప్ప కదిపేది కూడా ఆ నెలల్లోనే.

పండ్ల చెట్టు మీద వేసిన వలలో పాము చిక్కుకుంది.

కత్తిరించి విడిపించబోకండి, క్యాచర్‌ని పిలవండి. ముందే సన్న వల కొనుక్కుంటే ఈ బాధ ఉండదు. విక్టోరియాలో 2021 సెప్టెంబర్ నుంచి ఇంటి పండ్ల చెట్లకి 5 మిల్లీమీటర్లకి మించని రంధ్రాలున్న వలే వాడాలి. వేలు దూరితే ఆ వల పనికిరాదు.

నాగుల చవితికి పెరట్లో పాలు, గుడ్లు పెట్టొచ్చా?

పండగ వచ్చేది ఇక్కడ పాములు చురుగ్గా తిరిగే రోజుల్లోనే, అందుకే ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. బయట పెట్టొద్దు. పాములు పాలు తాగవు. ఆ పాలకీ చలిమిడికీ ఎలుకలు వస్తాయి, వాటి వెనక పాము వస్తుంది. ఇంట్లో నాగ ప్రతిమకో, గుళ్లోనో పాలు పోసుకోండి. వాగు పక్కన పుట్టలా కనిపించే మట్టిదిబ్బల దగ్గరికి పూజకని పిల్లల్ని తీసుకెళ్లకండి. ప్రసాదం మిగిలితే ఆ రాత్రే మూత ఉన్న బిన్‌లో వెయ్యండి.